తిరుగుదారి

విజయవాడ నుంచి తెనాలి వెళ్ళే రైలు దుగ్గిరాల దాటిందంటే తర్వాత వచ్చేది కొలకలూరు. పెద్ద రైళ్ళు అక్కడ ఆగవు, ప్యాసింజర్లే దిక్కు. ఆ ప్లాట్‌ఫారం మీద నిలబడి ఒకసారి తలెత్తి చూడండి. పట్టాలకు పైన, సుమారు అయిదున్నర మీటర్ల ఎత్తున, చిటికెన వేలంత లావు రాగి తీగ సాగిపోతుంటుంది. దానికి పైన కొంచెం వంపుగా ఇంకో తీగ కనిపిస్తుంది గానీ, అది కింది తీగను మోయడానికి. రెండింటిదీ ఒకటే వోల్టేజి, 25,000 వోల్టులు. విజయవాడ–మద్రాసు మార్గం 1980 ప్రాంతంలో విద్యుదీకరణ అయింది. అప్పటి నుంచీ ఇంజను నెత్తి మీది పాంటోగ్రాఫ్ ఈ తీగను కింద నుంచి రాసుకుంటూ పోతోంది. ఇంజనులోకి కరెంటు దిగేది దాని గుండానే.

ఇప్పుడొక సందేహం రావాలి. మన ఇంట్లో ఏ ప్లగ్గుకైనా కనీసం రెండు పిన్నులుంటాయి. టార్చిలైటు సెల్లుకు రెండు కొనలు. స్తంభం మీద నుంచి ఇంటికి దిగే సర్వీసు వైరులో రెండు తీగలు. మరి వెయ్యిమందికి పైగా జనాన్ని లాక్కుపోయే రైలుకు ఒక్క తీగ ఎలా సరిపోయింది?

సరిపోలేదు. రెండోది కూడా ఉంది. మన కళ్ళముందే ఉంది, కానీ దాన్ని మనం తీగ అనుకోం. రెండో తీగ పట్టాలే. పై తీగ నుంచి పాంటోగ్రాఫ్, అక్కణ్ణుంచి ఇంజనులోని ట్రాన్స్‌ఫార్మర్, ఆ తర్వాత చక్రాలు, చక్రాల కింది పట్టాలు, పట్టాల వెంట తిరిగి, రైళ్ళకు కరెంటు పంపే రైల్వేవారి ట్రాక్షన్ సబ్‌స్టేషన్. కొంత కరెంటు పట్టాల నుంచి నేలలోకి దిగి, నేల గుండా కూడా అక్కడికే చేరుతుంది. ఎక్కడ బయల్దేరిందో అక్కడికి తిరిగి చేరితేనే దాన్ని సర్క్యూట్ అంటాం. ఆ చుట్టు ఎక్కడ తెగినా, వేల కిలోమీటర్ల తీగలో ఒక్క చోట కరెంటు దూకలేనంత ఖాళీ ఏర్పడినా, ప్రవాహం ఆగిపోతుంది. స్విచ్చి చేసేది ఆ ఖాళీని పెట్టడం, తీసెయ్యడం మాత్రమే.

ఈ అధ్యాయమంతా ఈ ఒక్క ప్రశ్న మీదే నడుస్తుంది. ఏ బల్బును చూసినా, ఏ మోటారును చూసినా, కరెంటు కొట్టిన ఏ వార్త విన్నా ముందుగా అడగాల్సింది ఇదే: కరెంటు తిరిగి వెళ్ళే దారి ఏది? ఈ ప్రశ్న అలవాటైతే సగం విద్యుత్ శాస్త్రం వచ్చినట్టే. అలవాటు కాకపోవడం వల్ల మన పొలాల్లో ఏటా ప్రాణాలు పోతున్నాయి.

పట్టాల్లో అంత కరెంటు పోతుంటే వాటిని దాటే మనుషులకు, మేకలకు షాక్ ఎందుకు కొట్టదని పిల్లలు అడుగుతారు. చాలా మంచి ప్రశ్న. ఆ 25,000 వోల్టుల ఒత్తిడి దాదాపు మొత్తం ఇంజనులోనే ఖర్చయిపోతుంది. పట్టాల దగ్గరికి వచ్చేసరికి మిగిలే వోల్టేజి స్వల్పం. పైగా పట్టా పొడుగునా నేలను అంటిపెట్టుకునే ఉంది. అయితే ఈ భద్రతంతా తిరుగుదారి తెగనంత వరకే. పట్టా ముక్క మార్చాల్సి వస్తే ముందు రెండు పక్కలనూ తాత్కాలిక తీగతో కలిపి, ఆ తర్వాతే పట్టా విప్పాలన్నది రైల్వే సిబ్బందికి నేర్పే నియమం. కలపకుండా విప్పితే ఆ ఖాళీకి అటూ ఇటూ ప్రమాదకరమైన వోల్టేజి నిలబడుతుంది. ఆ సమయంలో రెండు కొనలనూ రెండు చేతులతో పట్టుకున్న మనిషే తిరుగుదారి అవుతాడు.

ఇంతకూ తీగలో పోయేది ఏమిటి? రాగిలో ప్రతి పరమాణువూ సుమారు ఒక ఎలక్ట్రానును స్వేచ్ఛగా వదిలేస్తుంది. ఒక ఘన మిల్లీమీటరు రాగిలో, అంటే ఆవగింజంత ముక్కలో, ఇలాంటి ఎలక్ట్రాన్లు 85 పక్కన పద్దెనిమిది సున్నాలు పెట్టినన్ని ఉంటాయి. ఒక ఆంపియర్ కరెంటు అంటే తీగలో ఒక చోటును సెకనుకు 62 పక్కన పదిహేడు సున్నాలు పెట్టినన్ని ఎలక్ట్రాన్లు దాటడం. రెండోదాన్ని మొదటిదానితో భాగించండి. అడ్డుకోత వైశాల్యం చదరపు మిల్లీమీటరు ఉన్న తీగలో ఒక ఆంపియర్ పారాలంటే ఎలక్ట్రాన్లు సెకనుకు 0.07 మిల్లీమీటరు కదిలితే చాలని తేలుతుంది. గంటకు 26 సెంటీమీటర్లు! నత్త ఇంతకన్నా ఎంతో వేగంగా పోతుంది.

అది టార్చిలైటు లెక్క, అందులో ప్రవాహం ఎప్పుడూ ఒకే దిక్కుకు. మన ఇళ్ళకు వచ్చేది సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కూ ఊగే కరెంటు. అందులో ఎలక్ట్రాన్లు గంటకు ఆ 26 సెంటీమీటర్లు కూడా పోవు. ఉన్నచోటనే అటూ ఇటూ మిల్లీమీటరులో వెయ్యో వంతైనా జరగకుండా ఊగుతుంటాయి. కాబట్టి కొలకలూరులో ఒక ఇంట్లో బల్బు వెలుగుతుంటే, ఆ బల్బులోని ఎలక్ట్రాన్లు ఇబ్రహీంపట్నం నార్ల తాతారావు థర్మల్ కేంద్రం నుంచి రాలేదు, నాగార్జునసాగర్ నుంచీ రాలేదు. తీగ కొని తెచ్చిననాడే తీగలో ఉండి వచ్చాయి. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్లున్నాయి; వాటిలో ఒక పక్క తీగచుట్ట నుంచి రెండో పక్కకు ఒక్క ఎలక్ట్రాను కూడా దాటదు. వచ్చేది శక్తి. తీగల చుట్టూ ఉండే విద్యుత్ క్షేత్రం, అయస్కాంత క్షేత్రం కలిసి ఆ శక్తిని దాదాపు కాంతి వేగంతో మోసుకొస్తాయి. స్విచ్చి వేసీ వెయ్యగానే దీపం వెలగడానికి కారణం అదే. 2013 డిసెంబరు 31న దక్షిణాది గ్రిడ్డు మిగతా దేశపు గ్రిడ్డుతో కలిసిపోయింది. అప్పటి నుంచి మన బల్బులో వెలిగే శక్తి ఏ కేంద్రానిదని విడదీసి చెప్పడానికి లేదు.

తెనాలి ప్రాంతం వాళ్ళకు కరెంటు గురించి చెప్పేటప్పుడు కాలవ పోలిక బాగా పనికొస్తుంది, ఎందుకంటే కృష్ణా పశ్చిమ డెల్టా మనుషులకు నీటిపారుదల చిన్నప్పటి నుంచీ తెలుసు. కాలవ ఎగువకూ దిగువకూ ఉన్న మట్టం తేడా వోల్టేజి. సెకనుకు పారే నీటి పరిమాణం కరెంటు. కాలవ ఇరుకైనా, తూటికాడ, గుర్రపుడెక్క అల్లుకున్నా పారుదల మందగిస్తుంది, అది నిరోధం. ఇంతవరకూ పోలిక చక్కగా కుదురుతుంది. కానీ రెండు చోట్ల మోసం చేస్తుంది, ఆ రెండు చోట్లా జాగ్రత్తపడాలి. గట్టు తెగితే నీళ్ళు బయటికి పొర్లిపోతాయి. తీగ తెగి గాలిలో వేలాడితే కరెంటు బయటికి కారదు, తిరుగుదారి లేదు కాబట్టి ఆగిపోతుంది. రెండోది, కాలవ చివరికి వచ్చేసరికి నీళ్ళు తగ్గిపోతాయి, పైనున్న పొలాలు తాగేస్తాయి కాబట్టి. బల్బు కరెంటును తాగదు. బల్బులోకి ఎన్ని ఆంపియర్లు పోయాయో అన్నీ తిరిగి వస్తాయి, ఒక్క మిల్లీ ఆంపియర్ కూడా తగ్గదు. ఖర్చయ్యేది శక్తి. మీటరు తిరిగేది దానికే.

వెళ్ళినంతా తిరిగి రావాలన్న ఈ మాటను గుర్తుంచుకోండి. ప్రాణం కాపాడే పరికరం ఒకటి దీని మీదే పనిచేస్తుంది.

నిరోధం లెక్క తేల్చి చెప్పినవాడు జర్మనీలో ఒక బడిపంతులు. జార్జ్ సైమన్ ఓమ్ తండ్రి తాళాలు చేసే కమ్మరి. సొంతంగా లెక్కలు నేర్చుకుని కొడుక్కి నేర్పాడు. కొలోన్‌లో పాఠాలు చెబుతూ ఓమ్ అక్కడి ప్రయోగశాలలోనే 1825, 1826లలో ప్రయోగాలు చేశాడు. అప్పటి బ్యాటరీలు స్థిరంగా ఉండేవి కావు, చూస్తుండగానే నీరసించేవి. దాంతో కొలతలు తారుమారయ్యేవి. పాగెన్‌డార్ఫ్ అనే పత్రికా సంపాదకుడు సలహా ఇస్తే, బిస్మత్, రాగి కడ్డీలను అతికి, ఒక అతుకును మరిగే నీళ్ళలో, ఇంకో అతుకును మంచులో ఉంచి కరెంటు పుట్టించాడు. నీళ్ళు మరుగుతున్నంతసేపూ, మంచు పూర్తిగా కరిగిపోనంతసేపూ ఆ మూలం మారదు. అప్పుడు రకరకాల పొడవుల రాగి తీగలు కలిపి, ప్రవాహం ఒక అయస్కాంత సూదిని ఎంత తిప్పుతుందో చూశాడు. తీగ పొడవు పెరిగే కొద్దీ ప్రవాహం తగ్గింది. కానీ తీగ రెట్టింపైతే ప్రవాహం సరిగ్గా సగం కాలేదు. ఎందుకంటే మూలానికి కూడా తనదంటూ కొంత నిరోధం ఉంది, అదీ లెక్కలోకి వస్తుంది. ఆ ముక్క పట్టుకోవడమే ఓమ్ గొప్పదనమని నేననుకుంటాను. పాత టార్చిలైటు సెల్లును మీటరుతో కొలిస్తే దాదాపు ఒకటిన్నర వోల్టులు చూపించి, బల్బు పెడితే వెలగకపోవడానికి కారణం ఇదే. సెల్లు లోపలి నిరోధం పెరిగిపోయింది. ఓమ్ పుస్తకం 1827లో వచ్చింది. సొంత దేశంలో చాలాకాలం ఆదరణ లేదు. 1841లో లండన్ రాయల్ సొసైటీ కాప్లే పతకం ఇచ్చాక పేరొచ్చింది.

సూత్రం తేలిక: వోల్టేజిని నిరోధంతో భాగిస్తే కరెంటు వస్తుంది. 230 వోల్టులకు 23 ఓములు పెడితే 10 ఆంపియర్లు. తీగ పొడవు రెట్టింపైతే నిరోధం రెట్టింపు, అడ్డుకోత వైశాల్యం రెట్టింపైతే నిరోధం సగం. ఇక పదార్థం. మీటరు పొడవు, చదరపు మిల్లీమీటరు అడ్డుకోత ఉన్న రాగి తీగకు 0.017 ఓము. అంతే అల్యూమినియానికి ఇంకొంచెం ఎక్కువ, 0.028. ఇస్త్రీ పెట్టెలో, హీటరులో చుట్టే నైక్రోముకు సుమారు 1.1 ఓము, రాగికి అరవై రెట్లకు పైనే. ఇస్త్రీ పెట్టె వైరులోనూ, లోపలి నైక్రోము చుట్టలోనూ ఒకే కరెంటు పారుతుంది, అయినా వైరు చల్లగా, చుట్ట ఎర్రగా ఉండటం ఇందుకే. వేడి నిరోధంతో పాటు పెరుగుతుంది, కరెంటుకైతే వర్గంగా పెరుగుతుంది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు. ఇది 1840 దశకం మొదట్లో జేమ్స్ జౌల్ తేల్చిన సంగతి.

ఈ వర్గం సంగతి పాఠ్యపుస్తకంలో ఒక్క గీతలో అయిపోతుంది. కానీ మన పల్లెల్లో సాయంత్రం దీపాలు ఎందుకు డిమ్ అయ్యేవో అందులోనే ఉంది. కాస్త నిదానంగా లెక్కేద్దాం.

పల్లెల్లో స్తంభాల మీద సాగే అల్యూమినియం తీగలకు బ్రిటిష్‌వాళ్ళ కాలం నుంచీ జంతువుల పేర్లున్నాయి. స్క్విరిల్, వీజిల్, రాబిట్, డాగ్, పాంథర్, ఇలా తీగ లావెక్కే కొద్దీ ఇంచుమించు జంతువు కూడా పెద్దదవుతుంది. లైన్‌మన్లు ఇప్పటికీ రాబిట్ కండక్టర్, వీజిల్ కండక్టర్ అనే అంటారు. వీజిల్ తీగ కిలోమీటరుకు నిరోధం 0.91 ఓము. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి కిలోమీటరు దూరంలో అయిదారు పొలం మోటార్లున్నాయనుకుందాం. మూడు ఫేజుల్లో, అంటే కరెంటు తెచ్చే మూడు తీగల్లో, ఒక్కొక్క దానిలో 40 ఆంపియర్లు పారుతున్నాయి. 40ని 0.91తో గుణిస్తే 36. అంటే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 230 వోల్టులుంటే చివర 194 వోల్టులే మిగిలాయి. ఆ 36 వోల్టులు ఏమయ్యాయి? తీగను వేడి చేశాయి. ఎంత వేడి? ఒక్కో తీగలో 40 గుణించు 40 గుణించు 0.91, మూడు తీగలకూ కలిపి దాదాపు 4,370 వాట్లు. అయిదు హార్స్‌పవర్ మోటారు పనికి చాలినంత శక్తి కాకులు వాలే తీగల మీద వేడిగా గాలిలో కలిసిపోతోంది.

అంతటితో ఆగదు. 194 వోల్టులే వస్తే కరెంటు కూడా తగ్గుతుంది గదా, మోటారుకు నష్టమేమిటి అనిపిస్తుంది. బల్బైతే అలాగే తగ్గి, మసకగా వెలుగుతుంది. మోటారు అలా కాదు. దాని మీద నీటి బరువు అంతే ఉంది, ఆ పని చెయ్యడానికి తక్కువ వోల్టేజిలో ఎక్కువ కరెంటు లాగుతుంది. ఎక్కువ కరెంటు లాగితే తీగలో ఇంకొన్ని వోల్టులు పోతాయి. వోల్టేజి మరింత పడిపోతుంది. చివరికి మోటారు వైండింగు కాలి, రైతు దాన్ని ట్రాక్టరు మీద వేసుకుని తెనాలిలో వైండింగు షాపుకు పోతాడు. చేతిలో ఉన్న మోటారును తిట్టుకుంటాడు గానీ తప్పు కిలోమీటరు పొడుగు సన్న తీగది.

మందు ఏమిటి? తీగ లావు పెంచడం ఒకటి, ఖర్చు ఎక్కువ. ఇంకో దారి కరెంటు తగ్గించడం. సెకనుకు అందే శక్తి అంటే వోల్టేజి, కరెంటుల గుణకారం. వోల్టేజి పెంచితే అదే శక్తికి తక్కువ కరెంటు చాలు. పైన చెప్పిన 40 ఆంపియర్ల శక్తినే 11,000 వోల్టుల మీద పంపితే తీగలో పారేది ఒకటిన్నర ఆంపియర్. అదే వీజిల్ తీగ, అదే కిలోమీటరు, నష్టం 4,370 వాట్ల నుంచి ఆరు వాట్లకు పడిపోతుంది! వర్గం మహిమ అంతా ఇదే. పొడుగాటి లోవోల్టేజి లైన్లు తీసేసి, 11 కిలోవోల్టుల లైనునే పొలం దాకా తీసుకెళ్ళి, రెండు మూడు మోటార్లకొక బుల్లి ట్రాన్స్‌ఫార్మర్ పెట్టే పద్ధతిని ఆంధ్రప్రదేశ్ విద్యుత్ పంపిణీ సంస్థలు (డిస్కములు) పెద్దయెత్తున చేపట్టాయి. పొలాల మధ్య స్తంభానికి వేలాడే చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు మీకు కనిపిస్తే ఆ లెక్కే అక్కడ వేలాడుతోందని గుర్తించండి. కొలకలూరు మీదుగా పోయే రైలుదీ అదే లెక్క. ఆరు వేల హార్స్‌పవర్ ఇంజను 25,000 వోల్టుల మీద సుమారు 180 ఆంపియర్లతో నడుస్తుంది. అదే 230 వోల్టుల మీదైతే 19,000 ఆంపియర్లు దాటాలి. ఆ కరెంటుకు ఏ పాంటోగ్రాఫ్ నిలుస్తుంది?

సర్క్యూట్లలో ముఖ్యంగా రెండే రకాలు. ఒకదాని వెనక ఒకటి వరసగా కలిపితే సిరీస్, పక్కపక్కన కలిపితే ప్యారలల్. పెళ్ళి పందిరికి వేసే పాతకాలపు సీరియల్ సెట్టులో ఆరు వోల్టుల బుల్లి బల్బులు నలభై దాకా వరసగా ఉంటాయి. 230 వోల్టులను అవి పంచుకుంటాయి, ఒకటి మాడితే అన్నీ ఆరిపోతాయి, చుట్టు తెగింది కాబట్టి. ఇంట్లో వైరింగు ప్యారలల్. ఫ్యాను ఆపితే లైటు ఆరదు. వైండింగు షాపులో బల్లకు బిగించిన సిరీస్ బోర్డు చూడండి. ఒక వంద వాట్ల బల్బు, దాని వరసలో రెండు తీగ కొనలు. అనుమానమున్న మోటారును ఆ కొనల మధ్య పెడతారు. లోపల షార్టు ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, తీగ తెగి ఉంటే అసలు వెలగదు, వైండింగు బాగుంటే మసకగా వెలుగుతుంది. షార్టు ఉన్నా ఫీజు పోదు, ఎందుకంటే కరెంటు బల్బును దాటి పెరగలేదు. ఈ చవక పరికరంలో ఓమ్ సూత్రమంతా ఉంది.

ఇంట్లో వైరింగు ప్యారలల్ అన్నాను. అది న్యూట్రల్, అంటే ఇంటి నుంచి కరెంటు తిరిగి వెళ్ళే తీగ, ఉన్నంత వరకే. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ తీగ తెగితేనో, జాయింటు వదులై కాలిపోతేనో ఊళ్ళో టీవీలు, ఫ్రిజ్‌లు మాడిపోతుంటాయి. కరెంటు పోవాల్సింది పోయి ఎక్కువెందుకు వచ్చింది? తిరుగుదారి మారిపోయింది కాబట్టి. ఒక ఇల్లు ఒక ఫేజు మీద, ఇంకో ఇల్లు రెండో ఫేజు మీద ఉన్నాయనుకోండి. న్యూట్రల్ ఉన్నప్పుడు ఎవరి కరెంటు వాళ్ళది, న్యూట్రల్ గుండా వెనక్కి పోతుంది. న్యూట్రల్ తెగాక మొదటి ఇంట్లోంచి బయటికొచ్చిన కరెంటుకు మిగిలిన దారి రెండో ఇల్లే. రెండు ఇళ్ళూ సిరీస్ అయిపోయాయి, వాటి కొనల మధ్య ఇప్పుడున్నది రెండు ఫేజుల మధ్య ఉండే 400 వోల్టులు. రెండో ఇంట్లో గీజరు నడుస్తోంది, నిరోధం 23 ఓములు. మొదటి ఇంట్లో టీవీ, రెండు ఫ్యాన్లు, లైట్లు, అన్నీ కలిపి 115 ఓములనుకుందాం. మొత్తం 138 ఓములు, కరెంటు 2.9 ఆంపియర్లు. గీజరింటికి వచ్చేది 67 వోల్టులు, నీళ్ళు వేడెక్కవు. టీవీ ఇంటికి వచ్చేది 333 వోల్టులు. తక్కువ వాడుకునే ఇల్లే ఎక్కువ దెబ్బ తింటుంది. ఇంటి దీపాలు ఉన్నట్టుండి ధగధగ మెరిసినా, పక్కింటి దీపాలు అదే సమయంలో మసకబారినా మెయిన్ స్విచ్చి కట్టెయ్యండి. కారణం తర్వాత వెతుక్కోవచ్చు.

ఇప్పుడు మనిషి శరీరం దగ్గరికి వద్దాం. దీని దగ్గరే నేను ఎక్కువసేపు నిలబడాలనుకుంటున్నాను.

మనిషి ఒంట్లో నెత్తురు, కండరాలు మంచి వాహకాలు. కాపాడేది పొడి చర్మం, దాని నిరోధం వేలల్లో ఉంటుంది. చెమట పట్టినా, తడిసినా అది వెయ్యి ఓముల దాకా దిగిపోతుంది. 230ని వెయ్యితో భాగిస్తే 0.23 ఆంపియర్, అంటే 230 మిల్లీ ఆంపియర్లు. ఒక మిల్లీ ఆంపియర్ దగ్గర జివ్వుమంటుంది. పది, పదిహేను దగ్గర చేతి కండరాలు బిగుసుకుపోయి పట్టుకున్న తీగను వదల్లేం. యాభై నుంచి వంద దాటి గుండె గుండా పారితే గుండె లయ తప్పుతుంది. తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బు లాగే కరెంటు 40 మిల్లీ ఆంపియర్లకు తక్కువుండదు. మనిషిని చంపడానికి కావలసింది బల్బు వెలిగే కరెంటు ఎంతో ఇంచుమించు అంతే.

మన ట్రాన్స్‌ఫార్మర్లలో న్యూట్రల్‌ను భూమిలోకి దింపుతారు. కాబట్టి నేల అంతా తిరుగుదారే. ఫేజు తీగను ముట్టుకున్న మనిషి న్యూట్రల్‌ను ముట్టుకోనక్కర్లేదు, నేల మీద నిలబడితే చాలు. ఎలక్ట్రీషియన్ టెస్టరు వెలిగేది ఆ దారి మీదే. టెస్టరు కొన నుంచి లోపలున్న పెద్ద నిరోధం, నియాన్ బల్బు, మన వేలు, ఒళ్ళు, నేల. ఆ పెద్ద నిరోధం వల్ల పారేది మిల్లీ ఆంపియర్‌లో చిన్న భాగమే కాబట్టి మనకు తెలియదు. అందుకే టెస్టరు పగిలితే, తడిస్తే వాడకూడదు. వరి మడిలో ఒట్టి కాళ్ళతో నిలబడ్డ రైతుకు డెల్టా నల్లరేగడి ఎంత చక్కటి వాహకమో చెప్పక్కర్లేదు.

మరి ఎర్త్ కొట్టించుకుంటే సరిపోదా? మోటారు పక్కన గొయ్యి తవ్వి, బొగ్గు, ఉప్పు వేసి, పైపు దింపి, మోటారు ఒంటికి తీగ కలుపుతాం. తప్పకుండా చెయ్యాలి. కానీ దాన్ని నమ్ముకుని ధీమాగా ఉండకూడదు. ఎందుకో లెక్క చూడండి. వైండింగు నుంచి ఫేజు తీగ మోటారు ఒంటికి తగిలింది. కరెంటు మోటారు ఒంటి నుంచి మన ఎర్త్ పైపు, నేల, ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్ మీదుగా తిరిగి వెళుతుంది. మన ఎర్త్ నిరోధం 8 ఓములు, ట్రాన్స్‌ఫార్మర్‌ది 2 ఓములు అనుకుందాం. మొత్తం 10, కరెంటు 23 ఆంపియర్లు. ఫీజులో లావు తీగ పోగులు చుట్టి ఉంటే అది కరగదు. ఇక మోటారు ఒంటి మీద వోల్టేజి ఎంత? 23 గుణించు 8, అంటే 184 వోల్టులు. ఎర్త్ ఉండగానే, ఫీజు పోకుండానే, మోటారు ఇనుము 184 వోల్టుల మీద కూర్చుని ఉంది. వేసవిలో నేల ఎండిపోయి ఎర్త్ నిరోధం పెరిగితే అది ఇంకా ఎక్కువ. ఎర్త్ గోతిలో నీళ్ళు పొయ్యమని పెద్దవాళ్ళు చెప్పేది ఇందుకే.

ఈ చిక్కును విప్పేది ఆర్‌సీసీబీ అనే పరికరం. ముందు గుర్తుంచుకోమన్న మాట ఇక్కడ పనికొస్తుంది. ఫేజు గుండా వెళ్ళిన కరెంటు మొత్తం న్యూట్రల్ గుండా తిరిగి రావాలి. ఈ పరికరంలో ఒక ఇనుప వలయం గుండా ఆ రెండు తీగలూ పోతాయి. వెళ్ళిందీ వచ్చిందీ సమానమైతే వాటి అయస్కాంత ప్రభావాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. 30 మిల్లీ ఆంపియర్లు తగ్గి వచ్చాయంటే ఎక్కడో ఎవరి గుండానో, దేని గుండానో నేలలోకి పోతున్నాయన్నమాట. సెకనులో చిన్న భాగంలో అది సర్క్యూట్ తెంచేస్తుంది. మూడు ఫేజుల మోటారుకు నాలుగు తీగల రకం దొరుకుతుంది. స్టార్టరు పెట్టెకు పెట్టే ఖర్చుతో పోలిస్తే ఇది పెద్ద ఖర్చేం కాదు. పొలం స్టార్టర్లకు దీన్ని తప్పనిసరి చెయ్యాలని నా గట్టి అభిప్రాయం. ఉచిత కరెంటు ఇస్తున్న ప్రభుత్వం దీన్ని కూడా ఇస్తే ఏటా ఎన్నో ఇళ్ళలో దీపం ఆరకుండా ఉంటుంది.

ఇక తెగిపడిన తీగ. 1977 నవంబరు 19 ఉప్పెనను చూసిన తీరం ఇది. గాలివాన వచ్చిన ప్రతిసారీ రేపల్లె, బాపట్ల వైపు స్తంభాలు ఒరుగుతూనే ఉంటాయి. 11 కిలోవోల్టుల తీగ నేల మీద పడి, లైను ఇంకా ట్రిప్ కాకపోతే, కరెంటు ఆ చోటు నుంచి నేలలోకి నలుదిక్కులా పాకుతుంది. నేలకు నిరోధం ఉంది కాబట్టి తీగ దగ్గర వోల్టేజి ఎక్కువ, దూరం పోయే కొద్దీ తక్కువ. అప్పుడు అటుగా నడిచే మనిషి రెండు పాదాలూ రెండు వేర్వేరు వోల్టేజిల మీద పడతాయి. తీగను ముట్టుకోకుండానే ఒక కాలిలోంచి ఎక్కి ఇంకో కాలిలోంచి దిగుతుంది కరెంటు. గేదెలు, ఎద్దులు ఇలాంటి చోట మనిషికన్నా ముందు పడిపోతాయి. వాటి ముందుకాళ్ళకూ వెనకకాళ్ళకూ మధ్య దూరం ఎక్కువ, కరెంటు దారిలో గుండె కూడా ఉంది. పడిన గేదెను లేపబోయి రైతు కూడా పోయిన ఘటనలు పేపర్లో చదువుతూనే ఉంటాం.

అలాంటి తీగ కనబడితే కనీసం పది మీటర్ల అవతలే ఆగండి, నీళ్ళు నిలిచి ఉంటే ఇంకా దూరం. తీగ మీకు దగ్గర్లోనే పడితే పరుగెత్తకండి, పెద్ద అంగలు వెయ్యకండి. రెండు పాదాలూ ఆనించి, మడమా వేలూ ఎడం కాకుండా కొద్దికొద్దిగా జరుపుకుంటూ దూరం రండి. కర్రతో తీగను తొలగించే సాహసం చెయ్యొద్దు, 11,000 వోల్టులకు తడి కర్ర చక్కటి దారి. 1912కు ఫోన్ చేసి, స్తంభం మీద నంబరు ఉంటే చెప్పి, లైన్‌మన్ వచ్చి సబ్‌స్టేషన్‌తో మాట్లాడి లైను ఆపించి, తీగకు ఎర్త్ తగిలించే వరకూ పిల్లల్నీ పశువుల్నీ అటు పోనివ్వకండి. లైను ఒకసారి ట్రిప్ అయిందని నమ్మకండి, సబ్‌స్టేషన్లో బ్రేకరును మళ్ళీ వేసి చూస్తారు, నేల మీది తీగలోకి కరెంటు మళ్ళీ రావచ్చు.